రేపల్లె మిల్లులో మంచిమట్టి కుప్ప

మాది తెనాలి పక్కన నందివెలుగు. డిప్లొమా చదివి, ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి తెనాలిలో ఒక చిన్న కంపెనీలో కుదురుకున్నాను. పాడైపోయిన స్థలాలను శుభ్రం చెయ్యడం మా పని. నూనె ఇంకిపోయిన షెడ్లు, పురుగుమందులు కారిపోయిన గోడౌన్లు, మూతబడ్డ ఫ్యాక్టరీలు మా చేతికొస్తాయి. అక్కడ తవ్వించి, ఎత్తించి, పంపించి, మళ్ళీ మనుషులు తిరిగేలా చేసి వస్తాం. సైటు సూపర్‌వైజరుగా ఇరవయ్యేళ్ళు చేశాను. ఆ ఇరవయ్యేళ్ళూ మా ఓనరుగారు పొద్దున ఏడింటికి ఫోను చేసేది నాకే. "ఏంటయ్యా సంగతులు?" అనేవారు. ఆ ఫోను వచ్చాకే నేను కాఫీ తాగేవాణ్ణి.

రేపల్లె మిల్లు పని నడిచిన రోజుల్లో ఆ ఫోను నాకు రావడం మానేసింది. అప్పుడు నాలో పుట్టిన ఓర్వలేనితనం గురించి, దానివల్ల నేను చేసిన పని గురించి ఇంతవరకూ మా ఆవిడకి కూడా సగమే చెప్పాను.

అది పాత రైసు మిల్లు. మూతబడి చాలా కాలమైంది. ఇంజను కోసం ఎప్పుడో నేలలో పాతిన డీజిలు ట్యాంకు తుప్పుపట్టి చిల్లులు పడింది. వెనక వీధిలో బోరు కొడితే నీళ్ళు డీజిలు వాసన వచ్చేవి. వీధివాళ్ళు గొడవ చేశారు. అధికారులు వచ్చి చూసి, స్థలం బాగుచేయించాల్సిందేనని మిల్లు వారసులకు చెప్పారు. ఆ పని మాకొచ్చింది.

ఒక పూట వెళ్ళి చూసి నేను ప్లాను చెప్పేశాను. ఆవరణ మొత్తం మనిషి లోతు తవ్వాలి. ఆ మట్టంతా టిప్పర్లకెత్తి, ప్రమాదకరమైన చెత్త పూడ్చే యార్డుకి పంపాలి. షెడ్డు కూల్చిన ఇటుకలు, దూలాలు, రేకులు కూడా దాంతోపాటే. తర్వాత బయటినుంచి కొత్త మట్టి తెచ్చి నింపాలి. నేను ఎప్పుడూ చేసింది అదే. పని తొందరగా తెమిలిపోతుంది, ఎవరూ ప్రశ్నలు వెయ్యరు.

ఓనరుగారు అంతా విని, "బానే ఉంది. ఈసారి నీకు తోడుగా ఒకమ్మాయిని పంపిస్తున్నా. మట్టి పరీక్షల ల్యాబులో చేసొచ్చింది. బాపట్ల పిల్ల" అన్నారు.

తోడు అన్న మాట నాకు నచ్చింది. నా వెనకాల నడుస్తూ నేను చెప్పింది రాసుకునే మనిషి కాబోలు అనుకున్నాను.

ఆ అమ్మాయికి ముప్పయ్యేళ్ళు దాటి ఉంటాయి. వాళ్ళది లూథరన్ క్రైస్తవ కుటుంబం, తండ్రి రిటైరైన టీచరు. మొదటిరోజు రేపల్లె స్టేషనులో నేను తెనాలి రైలు దిగేసరికి తను బాపట్ల నుంచి బస్సులో వచ్చి ఎదురుచూస్తోంది. భుజాన సంచి. సంచిలో గాజు సీసాలు గలగలలాడుతున్నాయి. పచ్చళ్ళు పోసుకునే మామూలు సీసాలు.

"నమస్తే అన్నయ్యగారూ. మీ ప్లాను చదివానండి. ఒక్క మాట అడగనా?" అంది ఆటోలో.

"అడుగమ్మా."

"మట్టంతా తవ్వి పంపించేస్తే, మనం శుభ్రం చేసినట్టా, ఇక్కడి చెత్త అక్కడికి మోసినట్టా?"

నేను నవ్వాను. చిన్నపిల్లలు అలాగే అడుగుతారులే అన్నట్టు నవ్వాను. తను నవ్వలేదు. నా జవాబు కోసం ఆటో మిల్లు దగ్గర ఆగేదాకా చూసింది.

మొదటి వారమంతా తవ్వకమే లేదు. సున్నంతో ఆవరణంతా గళ్ళు గీసింది. ఒక్కో గడిలో గునపంతో సన్నటి గొయ్యి లోతుగా తీయించి, సీసాలో సగం మట్టి, సగం నీళ్ళు పోసి, మూతపెట్టి ఊపి, గోడ మీద వరసగా పెట్టేది. నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు తేలితే అది చెడ్డ మట్టి. ఏమీ తేలకపోతే, వాసన కూడా లేకపోతే, ఆ మట్టిని ల్యాబుకి పంపి రూఢి చేసుకునేది. చివరికి తేలిందేమిటంటే డీజిలు ఆవరణంతా పరుచుకోలేదు. లోపల ఉన్న ఒక ఇసుక పొరని పట్టుకుని తూర్పుకి, వెనక వీధి వైపు పారింది. పడమటి సగంలో మట్టి శుభ్రంగా ఉంది. అంటే నా ప్లానులో సగం మట్టి ఊరికే యార్డుకి పోయేదన్నమాట.

ఓనరుగారు కబురు విని సైటుకే వచ్చారు. గోడ మీద సీసాల్ని ఒక్కొక్కటే వెలుగుకి పెట్టి చూసి, "ఇన్నాళ్ళూ మనకి ఈ బుద్ధి లేకపోయిందేంటయ్యా!" అన్నారు. ఆ 'మనకి' అన్నది నన్నే. మర్నాడు ఏడింటికి ఫోను రాలేదు. ఎనిమిదింటికి నేనే చేశాను. "ఇప్పుడే ఆ అమ్మాయితో మాట్లాడానులే" అన్నారు. ఆ రోజు కాఫీ చేదుగా ఉందని మా ఆవిడ మీద విసుక్కున్నాను.

అక్కణ్ణించి ప్రతి రోజూ ఏదో ఒకటి. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం పగలగొడితే, పైపైన శుభ్రంగా ఉన్న పెచ్చులన్నీ వేరు చేయించింది. వెనక వీధి వానకి మునుగుతుందట, దాని మీద పరిచి ఎత్తు చెయ్యొచ్చట. ఇటుకల మీది సున్నం గీకించి దొంతర్లు పెట్టించింది. టేకు దూలాలు మేకులు పీకించి నీడన ఆరబెట్టించింది. ఒక్కసారి వాడి పారేసే పల్చటి గ్లవుజులు మానిపించి, కడుక్కుని మళ్ళీ తొడుక్కునే రబ్బరువి తెప్పించింది. నీళ్ళ ప్యాకెట్లు ఆపించి స్టీలు బిందె పెట్టించింది. సాయంత్రం పనయ్యాక టార్పాలిన్లు కడిగి ఆరేసి మడతపెట్టందే ఎవర్నీ వెళ్ళనిచ్చేది కాదు.

ఒక్క దగ్గర మాత్రం తను తప్పటడుగు వేస్తుందని ఆశపడ్డాను. ఒక రైతు వచ్చి షెడ్డు మీది పాత సిమెంటు రేకులు పశువుల కొట్టానికి ఇమ్మన్నాడు. "తీసుకెళ్ళు బాబాయ్" అని నేను అనేశాను. మంచివాణ్ణి అనిపించుకునే అవకాశం నాకు ఆ సైటులో అదొక్కటే దొరికింది. తను పరుగున వచ్చింది.

"వద్దు బాబాయ్. అవి ఆస్‌బెస్టాస్ రేకులు. విరిగితే లేచే పొడి ఊపిరితిత్తుల్లో కూర్చుంటది. మనుషులకీ మంచిది కాదు, పశువులకీ మంచిది కాదు. కావాలంటే ఇటుకలు పట్టుకెళ్ళు."

రైతు తిట్టుకుంటూ పోతాడనుకున్నాను. ట్రాక్టరు తెచ్చుకుని ఇటుకలు ఎత్తుకుని, వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి చేతిలో ఒక అరటి గెల పెట్టి వెళ్ళాడు. రేకుల్ని తడిపి, విరగకుండా దించి, మందపాటి కవర్లలో చుట్టి యార్డుకే పంపింది. వాటిని మాత్రం మళ్ళీ వాడనివ్వకూడదని తనకి తెలుసు. నాకు తెలియదు. తెలియనిది నేనే అన్నది నలుగురిలో బయటపడింది.

వీధివాళ్ళు తనని 'సీసా మేడం' అని పిలవడం మొదలుపెట్టారు. ఇరవయ్యేళ్ళలో నాకు ఏ ఊళ్ళోనూ ఎవరూ ఒక ముద్దుపేరు పెట్టలేదు. చెప్పుకుంటే సిగ్గుగా ఉంది, నాకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది అదే.

తవ్వకం సగానికొచ్చింది. ఆవరణలో రెండు కుప్పలు లేచాయి. తూర్పున టార్పాలిన్ల మీద చెడ్డ మట్టి, అది యార్డుకి పోతుంది. పడమట, డీజిలు తగలని పై పొరల్లోంచి తీసిన మంచి మట్టి, అది మళ్ళీ గోతుల్లోకే. ఒక మంగళవారం మధ్యాహ్నం తను నా దగ్గరికొచ్చింది. వాళ్ళ నాన్నగారికి కంటి ఆపరేషను, బాపట్ల వెళ్ళాలి.

"అన్నయ్యగారూ, ఆరో వరస గళ్ళలో మట్టి నాకు అనుమానంగా ఉందండి. దాన్ని దేంట్లోనూ కలపొద్దు. విడిగా పోయించండి. రేపు నేనొచ్చి చూస్తాను."

"నేను చూసుకుంటాగా, నువ్వెళ్ళమ్మా" అన్నాను.

మూడు గంటలప్పుడు పొక్లెయిన్ నడిపే అతను ఆరో వరసలో బకెట్టు నింపి, కేబినులోంచి తల బయటపెట్టి, "ఎటు పొయ్యమంటారు సార్?" అని అరిచాడు.

ఇక్కడ నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. మర్చిపోలేదు. పొరపాటు పడలేదు. తను చెప్పిన మాట చెవిలో ఉంది. మర్నాడు అధికారి నమూనాలు తీసుకోవడానికి వస్తాడని కూడా తెలుసు. అయినా చెయ్యెత్తి పడమటి కుప్ప చూపించాను. సాయంత్రం దాకా ఆరో వరసంతా అక్కడే పడింది.

మర్నాడు అధికారి కుప్పలోంచి పిడికెడు మట్టి తీసి మొహం చిట్లించాడు. పొద్దున్నే బాపట్ల నుంచి వచ్చేసిన ఆ అమ్మాయే సీసా తెచ్చి ఊపింది. నీళ్ళ మీద నెమలికంఠం రంగు తేలింది. ఇంకో చోట తీసింది. మళ్ళీ అదే.

"ఈ కుప్ప మంచిదని మీరు కాగితం రాశారు. ఇప్పుడు దేన్ని నమ్మాలండి? మొత్తం పంపించెయ్యండి" అన్నాడు ఆయన.

తను నావైపు చూస్తుందని సిద్ధంగా ఉన్నాను. మిషనతను పొరపాటు పడ్డాడని చెప్పడానికి మాటలు కూడా సర్దిపెట్టుకున్నాను. తను అసలు నన్ను చూడలేదు. ఓనరుగారికి ఫోను చేసి, "నాదే తప్పండి. అనుమానం ఉన్నప్పుడు నేను సైటు వదిలి వెళ్ళకూడదు" అంది. సోమవారానికి టిప్పర్లు మాట్లాడారు.

ఆ మధ్యాహ్నం నేను తృప్తిగా భోంచేశాను. పెరుగన్నం రెండోసారి కలుపుకున్నాను. గురువారం పొద్దున ఏడింటికి ఫోను నాకే వచ్చింది.

కూలీల మేస్త్రి ఒక పెద్దామె. ఇల్లు ఆ వెనక వీధిలోనే. ఆమె ఇంటి బోరు కూడా పాడైంది. శుక్రవారం అందరూ క్యారేజీలు విప్పుకుంటుంటే నా పక్కనొచ్చి కూర్చుంది.

"బాబూ, మొన్న మిషనబ్బాయికి పడమటేపు పొయ్యమని నువ్వేగా చెప్పింది. నేనాడే ఉన్నా."

నేను విప్పిన క్యారేజీకి మళ్ళీ మూత పెట్టేశాను.

"ఆ పిల్ల పొద్దుటి నుంచి అన్నం ముట్టలా. సరే, అది మీ గొడవ. ఇంత మట్టి పోతే మళ్ళీ గోతులు నింపడానికి ఎక్కణ్ణించి తెస్తారు? ఎవరి చేనో తవ్వాల్సిందేగా? మంచి మట్టేగా ఇందులో ఉంది?"

"మంచి మట్టే పెద్దమ్మా. చాలావరకు మంచిదే."

"మరైతే చెప్పు ఆ పిల్లకి. నువ్వు చెప్తే బాగుంటది. నేను చెప్తే బాగోదు."

శనివారం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఆదివారం పొద్దున పొన్నూరు మీదుగా బాపట్ల బస్సెక్కాను. తను ప్రార్థనకి గుడికెళ్ళి ఇంకా రాలేదు. వాళ్ళ నాన్నగారు కంటికి నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కుర్చీలో ఉన్నారు. నేనెవరో చెప్పుకున్నాను.

"మీరాండీ! రండి రండి. మా అమ్మాయి మీ గురించి చెప్తా ఉంటదండి. గొయ్యి అంచులు కూలకుండా మిషను ఎలా నడిపించాలో మీ దగ్గరే చూసి నేర్చుకుందట. పుస్తకాల్లో లేదంట అది."

ఆ అమ్మాయి నా దగ్గర ఒకటి నేర్చుకుందని నాకు తెలియదు. ఆ మాట ఒక వారం ముందు విని ఉంటే ఆరో వరస మట్టి ఎటు పోయించేవాణ్ణో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. బహుశా అటే పోయించేవాణ్ణేమో.

తను తెల్లచీరలో, చేతిలో బైబిలుతో గేటు తీసుకుని వచ్చింది. గేటు దగ్గరే నిలబెట్టి మొత్తం చెప్పాను. మిషనతను ఎంత పోశాడో, ఎవరు పొయ్యమన్నారో.

తను అడిగిన మొదటి మాట, "ఎటు వైపు పోశాడు? కుప్ప మీదా, పక్కనా?"

"దక్షిణం పక్కన. వాలు మీద."

"పైకి తొయ్యలేదుగా? బకెట్టుతో సర్దలేదుగా?"

"లేదు."

"అయితే లోపలి మట్టి బాగానే ఉంటది." అప్పుడు నా మొహంలోకి చూసింది. "ఎందుకు చేశారు?"

ఏ సాకూ తోచలేదు. "అందరూ నిన్నే అడుగుతున్నారమ్మా. నన్నెవరూ ఏదీ అడగట్లేదు" అన్నాను. పెద్దవాణ్ణి, తలకి రంగు వేసుకునే వయసువాణ్ణి, వాళ్ళ గేటు పట్టుకుని ఆ మాట అన్నాను.

"అంతేనా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. "రేపు ఆరింటికల్లా సైటులో ఉండండి. టిప్పర్లు నేను ఆపిస్తాను. ఓనరుగారికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

"సరే సార్" అని లోపలికి వెళ్ళిపోయింది. అన్నయ్యగారూ అన్న పిలుపు అక్కడితో ఆఖరు.

అక్కడే రోడ్డు మీద నిలబడి ఓనరుగారికి ఫోను చేశాను. ఆయన అంతా విన్నారు. "ముందు ఆ కుప్ప సంగతి చూడు" అని పెట్టేశారు.

సోమ, మంగళ వారాలు ఆ కుప్పని కేకు కోసినట్టు దక్షిణం నుంచి పలచటి పొరలుగా కోశాం. మిషను చేసే పని కాదది, పారలతోనే. ఒక్కో పొరకీ తను సీసా ఊపేది, నేను చీటీ రాసి కట్టేవాణ్ణి. అవసరమైన మాటలు తప్ప తను ఏమీ మాట్లాడలేదు. మేస్త్రి పెద్దామె మా ఇద్దరి మధ్యా నిలబడి పార అందించేది. నాలుగో పొర తర్వాత జిడ్డు తేలడం ఆగింది. అధికారిని బతిమాలి మళ్ళీ రప్పించాం. ఆయన పొర పొరకీ నమూనా తీసి పంపించుకున్నాడు. ఫలితాలొచ్చాక, కుప్పలో చాలా భాగం ఉంచుకోవచ్చన్నాడు. దక్షిణపు పక్క మాత్రం టిప్పర్లకెక్కింది. అందులో కొంత మంచి మట్టి కూడా పోయింది. అది నావల్ల పోయింది.

ఓనరుగారు నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. తరువాతి సైటు బాపట్ల దగ్గర వచ్చింది, అది ఆ అమ్మాయికిచ్చారు. నన్ను తెనాలి గోడౌనుకి మార్చారు. సైట్ల నుంచి తిరిగొచ్చే టార్పాలిన్లు, డ్రమ్ములు, పైపులు, పంపులు కడిగించి, అతుకులు వేయించి, మళ్ళీ పనికొచ్చేలా చెయ్యడం అక్కడి పని. ఏడాదిన్నర చేశాను. బాపట్ల నుంచి తన సైటు సామాను వస్తే నేనే స్వయంగా విప్పి చూసేవాణ్ణి. చిరుగులు దొరుకుతాయేమో, మురికి దొరుకుతుందేమో అని. బుద్ధొచ్చిందని చెప్పుకోవడానికి నాకు ఆధారాలేమీ లేవు. ఒకసారి ఒక పంపులో నూనె మిగిలిపోయి వచ్చింది. ఆ సంతోషం రెండు రోజులుంది. ఎవరికీ చెప్పలేదు, కడిగి పెట్టేశాను.

కిందటేడు మళ్ళీ ఒక సైటు ఇచ్చారు. పెనుమూడి దగ్గర, ఏటి ఒడ్డుకి దగ్గర్లో, లారీలు బాగుచేసే పాత షెడ్డు. నేలంతా ఇంజను ఆయిలే. సీసాలు నేనూ పెట్టాను, గళ్ళు నేనూ గీశాను. అయితే అక్కడ అసలు ఇబ్బంది వాన. చెడ్డ మట్టి తవ్విన గోతిలో వాన పడితే ఆ నీళ్ళూ చెడిపోతాయి, ట్యాంకర్లతో తోడి పంపాలి. బాపట్లలో తనకి కూడా ఆ బాధ తప్పలేదని విన్నాను. మాది వ్యవసాయం ఇల్లు. చిన్నప్పుడు మా నాన్నతో నారుమళ్ళలో తిరిగినవాణ్ణి. షెడ్డు చుట్టూ మంచి మట్టి నింపిన పాత ధాన్యం గోతాలతో గట్టు వేయించాను. గట్టు బయట చేలల్లో తీసినట్టే సన్నటి కాలవలు, బోదెలు తీయించి, చుట్టుపక్కల నుంచి వచ్చే వాన నీరు గోతిలోకి రాకుండా పక్కకి మళ్ళించాను. గొయ్యి కూడా మొత్తం ఒకేసారి తెరవలేదు. ఒక మడి తవ్వి, పూడ్చాకే ఇంకో మడి. పెద్ద వానలు రెండు పడ్డా, మాకు చెడ్డ నీళ్ళు తోడాల్సింది కొంచెమే.

ఓనరుగారు ఆ అమ్మాయిని తనిఖీకి పంపారు. తను గట్టు వెంబడి మొత్తం తిరిగింది. ఒకచోట వంగి గోతాం నొక్కి చూసింది.

"ఈ బోదెలు ఎవరు చెప్పారు సార్?"

"ఎవరూ చెప్పలేదమ్మా. నేనే తీయించా."

"వాలు ఎలా చూశారు?"

"నీళ్ళు పోసి చూశా. చేలో చూసినట్టే."

నోటుబుక్కు తీసి రాసుకుంది. బొమ్మ కూడా గీసుకుంది. ఏం రాసిందో చూడాలని నేను పక్కకి వంగాను, కనబడలేదు. ఆ రోజంతా గాల్లో తేలినట్టు ఉంది. సాయంత్రం రైల్లో కూర్చున్నాక మాత్రం, ఇప్పుడు ఇది తన సైటులో చేస్తుంది, అందరూ తననే మెచ్చుకుంటారు అన్న ఆలోచన వచ్చింది. తెనాలి చేరేదాకా అదే నమిలాను.

రెండు నెలలకి అనుకున్నంతా అయింది. ఓనరుగారు పొద్దున్నే ఫోను చేసి, "బాపట్ల సైటులో ఆ అమ్మాయి గట్లూ బోదెలూ పెట్టి వాన నీళ్ళ బెడద లేకుండా చేసిందయ్యా. ఏం బుర్ర!" అన్నారు.

"తనే కనిపెట్టానని చెప్పిందాండీ?" అని అడిగాను.

"ఆఁ? లేదు లేదు. పెనుమూడిలో నువ్వు చేసింది చూసి చేశానంది. రిపోర్టులో కూడా రాసింది. నేనే మర్చిపోయా."

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ కాఫీ ఇచ్చి, "ఏంటి, మొహం అలా పెట్టారు? ఏమన్నారు ఆయన?" అంది.

"నన్ను మెచ్చుకున్నారు" అన్నాను.

అది సగమే నిజం. నా పేరు రిపోర్టులో కూడా రాసేసి, పేచీ పెట్టుకోవడానికి కూడా నాకేమీ మిగల్చలేదు ఆ అమ్మాయి. ఆ విషయం మా ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక కాఫీ గ్లాసు కడిగి పెట్టేశాను.